లోతు ఉన్న చోట

నలభై మీటర్ల ఎత్తున నా కుర్చీ.
కాళ్ల కింద గాజు పలక,
దాని కింద నోరు తెరుచుకున్న ఓడ.
ఎవరికీ తల వంచక్కర్లేని ఉద్యోగమే,
మెడ మాత్రం ఎనిమిది గంటలూ వంగే ఉంటుంది.

కిలిందిని అంటే మా మాటలో లోతు ఉన్న చోటు.
మొంబాసాకి రెండు పక్కలా నీళ్లే.
తూర్పున పాత రేవు, బోసినోరు.
పడమటిది ఇది,
క్రేన్లు పళ్లలా మొలిచిన కొత్త దవడ.

మా తాత షెకువే పాత రేవులో లెక్కల గుమాస్తా.
చెవి మీద సుద్దముక్క.
మూటకో గీత, నాలుగు గీతలకో అడ్డగీత.
కస్కజీ గాలి వీచే నెలల్లో తెరచాప ఓడలొచ్చేవట,
బస్రా ఖర్జూరం, ఎండు సొరచేప, తివాచీలు.
కుసీ గాలి మళ్లగానే
మడచెట్ల దుంగలు నింపుకుని వెళ్లిపోయేవట.
"ఓడ కంటపడక ముందే వాసన ఇంట్లోకొచ్చేదే మ్వానకొంబో.
సొరచేపైతే మీ నాయనమ్మ తలుపేసేది.
ఖర్జూరమైతే లేసో సర్దుకుని గుమ్మంలో నిలబడేది."

ఒక్కసారే అన్నాడు, అదీ గొంతు తగ్గించి:
"మనుషుల్నీ లెక్కపెట్టారిక్కడ, గీతలు గీసి.
నాకంటే ముందు, చాలా ముందు.
ఆ సుద్ద ఎవరి చేతిదో అడక్కు."
నేనడగలేదు.
ఆ రాత్రి అన్నం సయించలేదు ఇద్దరికీ.

తర్వాత ఓడల్లోంచి పట్టాలు దిగాయి,
వాటిని పరవడానికి సముద్రం దాటి మనుషులు దిగారు.
అందరూ తిరిగి ఎక్కలేదు.
నలభై ఏడులో కూలి చాలక ఊరు ఊరంతా పని మానేస్తే
ముత్తాత తన ఇనుప కొక్కేన్ని గోడకి తగిలించేశాడు.
ఆ మేకు ఇంకా ఉంది.
ఇప్పుడు దానికి గడియారం వేలాడుతోంది,
పది నిమిషాలు వెనక.

గాలితో పని లేదిప్పుడు.
మరీ విసిరి కొడితే క్రేను ఆపమంటారు, అంతే.
గంటకి పాతిక పెట్టెలు దించితే మంచి చెయ్యి అంటారు.
కంపాలాకి టైర్లో, జూబాకి మందులో,
నాకు తెలిసేది నాలుగక్షరాలు, ఏడంకెలు.
పెట్టె నేల తాకీ తాకకముందే రైలెక్కి నైరోబీ పోతుంది.
లారీల దారిలో చపాతీలు కాల్చే మామా జామె
నన్ను చూస్తే నా క్రేనుని చూసినట్టే చూస్తుంది.
"మీ ఓడలు పెద్దవయ్యాయి తల్లీ,
నా పెనం చిన్నదైంది."

సాయంత్రం తాత కళ్లు,
పాలు కలిపిన నీళ్లలా, నా వైపు తిరుగుతాయి.
"ఇవాళ ఏమొచ్చింది?"
"నూట ఎనభై పెట్టెలు."
"వాటిల్లో?"
"తెలీదు తాతా."
"వాసన?"
"రంగు వాసన. తుప్పు."
"మరి దేన్ని లెక్కపెట్టావే?"

పోయిన మంగళవారం
ఎగుమతి పెట్టె ఒకటి నా చేతిలోనే అంచుకి తగిలి మూల చిట్లింది.
సన్నగా, గోధుమ రంగులో, టీ పొడి ధార.
పని ఆగింది. కాగితాలు రాశారు. నా పేరు రాశారు.
నేను కిందికి దిగి,
ఎవరూ చూడకుండా, చిటికెడు చొక్కా జేబులో వేసుకున్నాను.
దొంగతనమే.

తాత అరచేతిలో పోశాను.
చాలాసేపు ముక్కు దగ్గరే ఉంచుకున్నాడు.
"లవంగం" అన్నాడు, "పెంబా సరుకు. తడి తగల్లేదు.
ఎన్ని మూటలు?"
నోటిదాకా వచ్చింది నిజం.
"ముప్పై రెండు" అన్నాను.
గాల్లోనే వేలితో గీశాడు,
ఆరు అడ్డగీతలయ్యాక ఆగి,
ఇంకో రెండు.

తెల్లారి షిఫ్టులో
గాజు పలక మీద ఉప్పు పేరుకుని ఉంది.
తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది.
వేలితో ఒక గీత గీశాను.
ఒకటే.
అంతలో కిందనుంచి రేడియో కేకేసింది,
రెండో పెట్టె సిద్ధం.