బేసి మొత్తం

తార్తులో మార్చి నెల. ఎమయోగి నది మీద మంచు
పగలాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.
మూడో అంతస్తులో విర్వే ముందు నల్లటి తెర,
అందులో ఒక్క ఆకుపచ్చ గీత రెప్ప కొడుతూ.

ఆమె రాసిన పనిముట్టుకు బొమ్మల్లేవు, బొత్తాల్లేవు.
ఒక్క వరుస ఆజ్ఞ, వెనకాల ఒక అంకెల జాబితా:
ఎవరికి ఎందరితో మాటలున్నాయో, అంతే.
పేరడగదు. మొహమడగదు.
ఎంటర్ కొడితే రెప్పపాటులో
ఒక ఊరిని అల్లి చేతికిస్తుంది,
ఉన్న ఊరు కాదు, ఉండగలిగిన ఊరు.

కురేలైద్ దీవి నుంచి కాగితాలొచ్చాయి.
నాలుగు వందల పన్నెండు మంది.
వారంలో ఎంతమందితో మాట్లాడతారు?
పడవ టికెట్లమ్మే మనిషికి అరవై ఒకటి.
పొగచేపల కొట్టాయనకి ముప్ఫై.
మిగతా అందరికీ మూడో, నాలుగో.

పనిముట్టు ఒప్పుకోలేదు.
మొత్తం బేసి, అని ఆగిపోయింది.

గీతకి రెండు కొసలుండాలి కదా.
ఎవరిదో ఒక చెయ్యి చాచి ఉంది,
అవతల అందుకునే చెయ్యి లేదు.

ఒక అంకె తగ్గిస్తే పోయేది. నేనైతే తగ్గించేవాణ్ణి.
విర్వే రెండు రోజులు కాగితాలు తిరగేసింది.
మూడు వందల ఎనిమిదోది, పెన్సిలుతో: ఒకటి.
పక్కన చీమల్లాంటి అక్షరాలు:
"సాల్మే. ఆదివారాలు. సమాధి దగ్గర."

జాబితా అడుగున ఆమె ఇంకో ఒకటి చేర్చింది.
మొత్తం సరి.

సీడ్ ఏడు: సాల్మే వెళ్లి టికెట్లమ్మే మనిషి పక్కన చేరింది.
సీడ్ ఎనిమిది: ఎవరో బడిపిల్లాడి దగ్గర.
పందొమ్మిదిలో, దొర్లిపోతున్న వరుసల మధ్య,
ఇద్దరూ కలిశారు.
ఒకటి, ఒకటి, నడుమ పొట్టి గీత, ఇంకెవరూ అక్కర్లేనట్టు.

అరక్షణమే. ఊరంతా ఒకే ముక్కగా ఉండాలని
విర్వే తన చేత్తో రాసిన నియమమే వచ్చి
ఆ గీతని తెంపి, ఎవరి గీతతోనో కొసలు మార్చి
ఇద్దర్నీ చెరో గుమ్మానికి కట్టేసింది.
లెక్క చెక్కుచెదరలేదు. ఇద్దరికీ ఒక్కొక్కటే.
ముసలాయన ఇప్పుడు చేపల కొట్టు దగ్గరున్నాడు.

అచ్చం నిజంలాగే ఉంది, అన్నాను.
లాగే, అంది విర్వే.

కిటికీ కింద ఎక్కడో మంచు విరిగిన చప్పుడు.
వాడుక సూచనల్లో ఆమె ఒక్క వాక్యం చేర్చి
కోటు తగిలించుకుంది:

మొత్తం బేసి వస్తే ఎవరినీ తీసేయకండి,
అడగండి.