గింజల కొలత

గ్రిమ్స్‌బీలో సోమవారాలు
చేపల వాసనతో తలుపు తోసుకొస్తాయి.
కుర్చీ వెనక్కి వాలుస్తాను, దీపం కిందికి లాగుతాను,
ఎక్కడుందో చూపించమంటాను.
వేలు తడబడుతుంది గానీ
నాలుక నేరుగా వెళ్ళి ఆగుతుంది.
రాత్రంతా అక్కడే కాపలా కాసింది మరి.

కాగితం మీద రాసేవి మిల్లీమీటర్లు.
లోపల మాత్రం పోపులపెట్టె తెరుచుకుంటుంది.
ఆవగింజ, మెంతిగింజ, పెసరగింజ.
శనగగింజ దాటితే
పెన్ను కాస్త నెమ్మదిస్తుంది.

విన్నీ ఆట్‌కిన్‌కి డెబ్బై ఒకటి.
భర్త పోయిన పదో రోజున
అంగిట్లో గట్టిగా ఏదో తగిలిందట.
వేలుపెట్టి తడిమాను. నున్నగా, సరిగ్గా నడుమ,
పెంకుటింటి దూలంలా.
"ఇది మీ ఎముకేనండీ.
చాలా ఏళ్ళుగా మీ నోట్లోనే ఉండుంటుంది,
మీకే ఇప్పుడు తీరింది" అన్నాను.
ఆవిడ నవ్వింది, తర్వాత
ఆ నవ్వు ఎటు పోవాలో తెలీక ఏడ్చింది.

కింది పెదవి లోపల నీలంగా నీటిబుడగ,
ఏడేళ్ళ రూబెన్‌ది.
కొరుకుతాడు, పోతుంది, మళ్ళీ వస్తుంది.
దారి మూసుకుపోయిన ఉమ్మి
చర్మం కింద కట్టుకున్న చిన్న గుంట.
వాడు దానికి పేరు కూడా పెట్టాడు. నాకు చెప్పనన్నాడు.

లెక్కల గుమాస్తా బుగ్గలో గులాబిరంగు పూస,
పళ్ళు కలిసే గీత మీదే.
ఎవరిమీది కోపమో గానీ
నములుతున్నది తన బుగ్గనే.

ఏడోనెల మారియమ్ చిగురు మీద
ముట్టుకుంటే రక్తం చిమ్మే ఎర్రటి మొగ్గ.
కాన్పయ్యాక చాలావరకు తనే తగ్గుతుంది,
అయినా మళ్ళీ రమ్మని తేదీ రాసిచ్చాను.
ఇంకొకరికి చిగురు మీద చీముబొడిపె.
కింద ఎప్పుడో చచ్చిపోయిన పన్ను
ఇన్నాళ్ళకి ఫిర్యాదు పెట్టుకుంది.

నాలుక వెనక వరసగా ఉండే బుడిపెలైతే
అందరికీ ఉన్నవే.
అయినా వారానికొకరు అద్దంలో చూసుకుని
చెమటలు పట్టి వస్తారు.
వాళ్ళని నేనెప్పుడూ నవ్వి పంపను.

నోట్లో నువ్వుగింజ నానదంటారు మావాళ్ళు.
జిమ్ గావన్ నోట్లో
ఐదు నెలలు నానింది.
ముప్ఫై ఏళ్ళు ట్రాలర్ల మీద తిరిగిన మనిషి
పళ్ళు తోమించుకోవడానికని వచ్చాడు.
గుడ్డముక్కతో నాలుక పట్టి పక్కకి తిప్పితే
ఎడమ అంచున, చివరాఖరున, తెల్లగా ఎర్రగా.
"అదా? నొప్పి లేదుగా" అన్నాడు.

నొప్పి ఉన్నవాళ్ళు ఎలాగూ వస్తారు, జిమ్.

వేలుంచాను. గట్టిగా ఉంది.
పూసలా జారలేదు.
కిందికి వేళ్ళు దించుకున్నట్టు, కదలనన్నట్టు.
మూడు వారాలు దాటిందేదీ
చూస్తూ ఊరుకోకూడదని నేర్చుకున్నాను.
ఐదు నెలలకి ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు.
"ఏమిటో నాకు తెలీదు.
తెలుసుకునేవాళ్ళ దగ్గరికి ఇవాళే ఉత్తరం వెళ్తుంది."
"ఎంతుందేం?"
"పదకొండు మిల్లీమీటర్లు."
కాసేపు పైకప్పు వైపు చూశాడు.
"బఠాణీ అంతేగా."

ఆ పూట నా గ్లవ్స్ తీసి పారేయడం మర్చిపోయి
కారు తాళం కోసం జేబులు వెతికాను.

ఇంటికొచ్చి పళ్ళు తోముకుంటూ
నా నోరంతా నేనే ఒకసారి తిరిగాను.
పైన, కింద, బుగ్గలు, నాలుక కింద
చెయ్యి ఆనని మూల దాకా.
రెండోసారి కూడా.

వానలు తగ్గాక జిమ్ తిరిగొచ్చాడు.
మెడ మీద మచ్చ, నాలుకలో ఓ ముక్క లేదు.
స లు, ల లు ఉప్పునీట్లో నానినట్టు వస్తున్నాయి.
"బఠాణీ తీసేశారు" అన్నాడు, వాళ్ళ మాటలో.
ఆ మాట మొదటి అక్షరం పెదవులది,
దానికి నాలుకతో పనిలేదు.
గంట కొట్టినట్టు వినిపించింది.

కుర్చీ వెనక్కి వాల్చాను.
దీపం లాగాను.
ఈసారి కుడివైపు నుంచి మొదలుపెట్టాను.