కాకిబంగారం బాకీ

సైదాపురం దాటినాక, గని వెనకమాల,
పనికిరాదని పారబోసిన రాళ్ళ దిబ్బ.
పారబోసినోళ్ళకి తెలీదు
అది మా బ్యాంకని.

పొద్దున్నే అమ్మావాళ్ళు షెడ్డుకి పోగానే
పిలకాయలం దిబ్బెక్కేవాళ్ళం.
ఎండ తగిలితే చాలు
దిబ్బ మొత్తం కళ్ళు తెరిచేది.
ఏరుకున్నోళ్ళకి ఏరుకున్నంత.
గోటితో లాగితే ఒక పొర,
ఆ పొరలో ఇంకో పొర.
ఎర్రగడ్డకైనా అంతుంటుంది గానీ
కాకిబంగారానికి లేదు.

మస్తాన్ మా షావుకారు.
తాటాకు పరిచి కొట్టు పెట్టేవాడు.
అరచెయ్యంత పొరకి గూడూరు జంక్షన్,
రైళ్ళు ఊరికే.
చిటికెన వేలంత ముక్కకి
చెంచురామిరెడ్డి నిమ్మతోట,
కుక్కని మాత్రం అమ్మనన్నాడు
కరుస్తుందని.
మా చెల్లి వెంగమ్మ ఏడ్చి ఏడ్చి
ఒక మబ్బు కొనుక్కుంది.
మధ్యాహ్నానికి అది తూర్పుకి జరిగి
సముద్రం దిక్కు పోతే
డబ్బులు వెనక్కిమ్మని ఒకటే రచ్చ.
"నీళ్ళు తాగి వస్తుంది, ఆగు" అన్నాడు.
ఆగింది.
కార్తీకంలో వచ్చింది, వాయుగుండాన్ని వెంటబెట్టుకుని.
మూడు రోజులు బడి లేదు.
ఎవరి మబ్బో మాకు తెలుసు.

నేను చంద్రుణ్ణి అప్పుకి తీసుకున్నాను,
అంత పెద్ద పొర చేతిలో లేక.
రేపిస్తానన్నాను.

సూర్యుణ్ణి ఎవరూ కొనలేదు.
మందం పొర కంటికి అడ్డం పెట్టుకుంటే
ఊరికే దొరికేవాడు,
పచ్చసొనలా, మెత్తగా.

పొద్దుగూకితే ఆస్తులన్నీ
అక్కడే వదిలేసి పోయేవాళ్ళం.
దొంగెవడైనా వస్తే రానీ,
జంక్షన్‌ని జేబులో పెట్టుకుపోలేడు గదా.

మచ్చల పొర దొరికిన రోజు పండగ.
లోపల నల్లగా ఏవో ఆకులు, వేళ్ళు,
ఎగరబోయి ఆగిన పిట్ట.
పెంచలకోన అడవి అని నేను.
కాదు, వాళ్ళ తాత గడ్డం అని మస్తాన్.
ఒక్క మచ్చ మీద రెండు రోజులు మాటల్లేవు.
మూడో రోజు వాడి చెయ్యి కొరికాను.

ఇంటికొస్తే అమ్మ ఏమీ అడిగేది కాదు.
బల్బు కిందికి లాగి చూసేది.
మోచేతుల దాకా మెరుపు.
"దిబ్బకి పోవద్దన్నానా" అని కొట్టే
ఆమె చేతులూ మెరుస్తానే ఉండేవి.

పదకొండో ఏడు, ఎండాకాలం సెలవులు.
అమ్మ పక్కన నాకో గోనెపట్ట పరిచారు,
చేతికి చిన్న కొడవలి ఇచ్చారు.
మేస్త్రీ ఒక పొరని వెలుగుకి పట్టి చెప్పాడు:
"అద్దంలాగుంటే ఈ బుట్ట.
మచ్చుంటే ఆ బుట్ట.
చూస్తా కూచోమాక."

మొదటి గంటలోనే వచ్చింది
పెంచలకోన అడవి.
పిట్ట ఇంకా ఎగరలేదు.
"ఏందమ్మే" అన్నాడు మేస్త్రీ.
ఆ బుట్టలో వేశాను.

శనివారం నాకిచ్చినవి నిజం నోట్లు.
వాటికి జంక్షన్ రాలేదు, నిమ్మతోట రాలేదు.
అరకిలో ఎర్రగడ్డలొచ్చాయి,
ఒక సబ్బు.

మొన్న గూడూరు నిమ్మకాయల మార్కెట్లో
మస్తాన్ కనబడ్డాడు.
తల నెరిసింది, లెక్కల పుస్తకం చంకలో ఉంది.
చంద్రుడి బాకీ సంగతి ఎత్తాను.
గుర్తు లేదన్నాడు.
చొక్కా చెయ్యి పైకి లాగి
పంటిగాటు చూపించాడు.
"ఇది మాత్రం ఉంది."

లారీ ఒకటి వెనక్కి తీస్తున్నారు, పక్కకి జరిగాం.
బస్తాలు కుట్టేవాడి వైపు చూస్తా
ఎవరితోనో అన్నట్టు అన్నాడు,
"అది గడ్డమే."

అడవి, అన్నాను.