ఎలాంటి నొప్పి

"ఎలాంటి నొప్పి?" అనడిగింది డాక్టరమ్మ
చీటీ మీంచి కళ్లెత్తకుండా.

పోటు కాదు. పోటైతే ఒకచోట నిలబడుతుంది.
సలుపూ కాదు. సలుపు రాత్రంతా ఉండి
తెల్లారితే సెలవు తీసుకుంటుంది.
తీపు, పీకుడు, గుంజుడు, మంట,
మా అమ్మ ఒంటికోసం దాచిపెట్టిన మాటలన్నీ
ఒక్కొక్కటే తీసి తొడిగి చూశాను,
తమ్ముడి చొక్కాలా అన్నీ భుజాల దగ్గరే ఆగిపోయాయి.

పక్కటెముక కింద ఎవరో
తడి గోనెసంచి పిండుతున్నట్టుంటుంది మేడం అన్నాను.
ఆమె 'చెస్ట్ పెయిన్' అని రాసింది.

పలాసలో జీడిపిక్కల బట్టీ దగ్గర కాటా గుమాస్తాని నేను.
బస్తా ఎనభై కిలోలు.
రెండొందల గ్రాములు తగ్గినా కాటా చెప్పేస్తుంది.
ఎడమచేతిలో చీమలు పాకడం మొదలైన రోజు
ఎవరూ లేనప్పుడు
ఆ చెయ్యే కాటా మీద ఆనించి చూశాను.
నాలుగు కిలోల నూట యాభై.
చీమల బరువు రాలేదు.

మా ఉద్దానంలో నడుం నొప్పి ఉత్త నడుం నొప్పి కాదు.
పొద్దున్న మొహం ఉబ్బితే అద్దం అడుగుతుంది
మీ నాన్నకి ఎన్నో ఏట వచ్చిందీ అని.
మా వీధి పిల్లలకి ఎక్కాలకంటే ముందు క్రియాటినిన్ వస్తుంది.
ఒకటి పాయింట్ రెండా, పర్లేదు.
ఐదా,
గొంతు తగ్గించి మాట్లాడతారు.

రక్తం, మూత్రం, ఈసీజీ, స్కానింగు.
చల్లటి జిగురు రాసి పొట్ట మీద తిప్పుతుంటే
తెర నిండా నల్లటి వాన,
అందులో నావి రెండూ
నానబెట్టిన చిక్కుడుగింజల్లా బుద్ధిగా పడుకునున్నాయి.
"అంతా నార్మల్. గ్యాసు. టెన్షన్ పెట్టుకోకండి."

సంతోషించాలి కదా.
దొంగతనం మోపి, సాక్ష్యం లేదని వదిలేసినవాడిలా
తలొంచుకుని బయటికొచ్చాను.

రాత్రి రెండున్నరకి, హౌరా వైపు బండి పోయాక వస్తుంది.
గుండె ఒక మెట్టు తప్పుతుంది.
అరికాళ్లనుంచి చల్లగా ఏదో పైకెక్కి
చెవుల్లో నిలబడుతుంది, నేను మేలుకున్నానో లేదో చూడ్డానికి.
చచ్చిపోతున్నాననుకుని లేచి కూర్చుంటాను.
చచ్చిపోను.
కుండలో నీళ్లు ముంచుకుని తాగుతాను.
తాగుతూ తాగుతూ ఆ నీళ్లనీ అనుమానిస్తాను.

ఊర్మిళప్ప మా బట్టీలోనే పిక్క కొట్టేది.
జీడిసొనకి వేళ్లు అరిగి
వేలిముద్రల మిషన్ ఆమెను గుర్తుపట్టడం మానేసింది.
ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్,
నా బండి మీదే దింపుతాను.
ఓరోజు అడిగేశాను.
అప్పా, మొదట్లో నీకేటనిపించింది? నొప్పెలాగుండేది?

నవ్వింది.
"ఏటీ నేదొరే. సీమ కుట్టినట్టయినా నేదు.
మేనకోడలు పెళ్లికి రెండొందలమందికి వండినాను.
క్యాంపులో సూది పొడిస్తే తెలిసినాది.
లోపల ఇల్లు కాలిపోతన్నా
నాకు పొగ రానేదు."
కొంగుతో మొహం తుడుచుకుని,
"నీది రోజూ కేకలేత్తాది కదా. ఏయనీ.
అరిసే గుంటడు ఎక్కడున్నాడో తెలుత్తాది."

అది ధైర్యం చెప్పడమే అనుకుంటాను.
కానీ ఆరోజునుంచీ
నొప్పి లేని చోట్లు కూడా తడుముకుంటున్నాను.

డయాలసిస్ గది బయట నాలుగు గంటలు.
ప్లాస్టిక్ కుర్చీ, ఒళ్లో ఆమె టిఫిన్ డబ్బా,
కాళ్ల దగ్గర ఆమె చెప్పులు.
ఆ నాలుగు గంటలూ అది రాదు.
లేదా వస్తుందేమో, నేనే ఇంట్లో ఉండను.

తిరిగొస్తుంటే కాశీబుగ్గ గేటు పడింది.
గూడ్సు. పెట్టెలు లెక్కపెట్టాను,
యాభై ఎనిమిది.
వెనక కూర్చున్న మనిషి అలిసిపోయి
నా వీపు మీద తల వాల్చేసింది, వెచ్చగా,
అంత బరువూ లేదు.
గోనెసంచి పిండడం మొదలైంది.

కదల్లేదు నేను. కదిలితే ఆమె లేస్తుంది.
గేటు ఎత్తారు, వెనకాల హారన్లు.

ఎలాంటిదో ఇప్పటికీ చెప్పలేను మేడం.
ఎక్కడంటే మాత్రం,
ఆమె తల ఆనిన చోటికి
కొంచెం ఎడమగా.