నలభై మూడు మాటలు

లండన్ నుంచి ఉత్తరం వచ్చింది.
నవల బాగుందట. అచ్చు వేస్తారట.
ఒక్క చిన్న పని మిగిలిందట:
"మా పాఠకులకు తెలియని మాటలు నలభై మూడు తేలాయి,
పుస్తకం చివర అర్థాలు రాసి పంపగలరు."
ఎర్ర సిరాతో జాబితా, వరస నంబర్లు.

డెన్నరీలో ఆ పొద్దంతా వాన.
అరటిగెలలు తూచే షెడ్డులో నేను గుమాస్తాని.
నవలంతా తూకం చీటీల మీదే రాశాను.
ముందు వైపు గెల బరువు, తరుగు, పనికిరావని తీసేసినవి.
వెనక వైపు మా అమ్మమ్మ యూడాక్సీ.

రాత్రి వంటింటి బల్ల మీద లాంతరు పెట్టుకుని కూచున్నా.

మొదటి మాట, మకొమే.
జ్ఞానస్నానం నాడు నా బిడ్డను ఎత్తుకున్న ఆడమనిషి, అని రాశాను.
చాల్లేదు.
నా ఇంట్లో ఉప్పు నిండుకుంటే అడగకముందే కొలిచి పోసేది.
అదీ చాల్లేదు.
పడవతో సహా నా మొగుడు తిరిగిరాని రాత్రి
ఒక్క మాటా మాట్లాడకుండా
నా పక్కన కూచుని తెల్లవార్లూ చేపలు తోమింది.
అప్పటికి అరపేజీ అయింది.

రెండోది కూద్‌మెన్.
ఇవాళ నా చేలో ఊరందరి చేతులు, రేపు నీ చేలో నావి.
కూలి ఉండదు. కుండెడు పులుసు, ఒక డప్పు, కాస్త రమ్ము.
మా ముత్తాతల్ని కొన్న దొర దస్తరంలోనూ చేతులున్నాయి:
మంచి చేతులు డెబ్బై, పాడైనవి పన్నెండు.
మనుషులు లేరు.

మూడో దాని దగ్గర కలం ఆగిపోయింది.
సుకుయాఁ.
రాత్రి చర్మం విప్పి రోట్లో దాచి
నిప్పుముద్దై ఎగిరిపోయే ముసలిది.
చెరకుతోట అంచున తన గుంటెడు నేల తనకిమ్మన్నందుకు
మా అమ్మమ్మనీ అదే అన్నారు.
ఒంటి చర్మం విప్పి పక్కన పెట్టగలగడం
మా దీవిలో ఎందుకంత భయమో, ఎందుకంత ఆశో
రెండూ ఒక్క వాక్యంలో పట్టవు దొరా.

అప్పుడు గుర్తొచ్చింది.
ఆమెకు అక్షరం రాదు. బడి పుస్తకాలు నేనే చదివి వినిపించేదాన్ని.
"డ్రాయింగ్ రూమ్ అంటే బొమ్మలు గీసే గదా?"
కాదమ్మమ్మా, ఎవరూ ఏమీ చెయ్యని గది.
"అంత పెద్ద గదిలోనా!"
"గవర్నెస్ అంటే?"
ఇంకొకళ్ల పిల్లల్ని పెంచే పేద పిల్ల.
"ఓహో, నేనే" అంది, బఠాణీలు ఒలుస్తూ.
ఆ పుస్తకాల వెనక ఏ అర్థాలూ లేవు.
అయినా దాటింది,
వరదలో వాగు దాటినట్టు, రాయి వెతికి రాయి మీద కాలేస్తూ,
ఒక్కోసారి తడుస్తూ.

జాబితా మడిచి లాంతరు కింద పెట్టాను.
కొత్త చీటీ తీశాను.

మంచు: చచ్చిపోయిన వాన.
వారాంతం: వాళ్లకు రెండు రోజులు, మనకు ఒక పూట.
వారసత్వం: తాత కొట్టిన దెబ్బలకు మనవడికి వచ్చే వడ్డీ.
కనిపెట్టారు: మనం అప్పటికే వంట చేసుకుంటున్న చోటికి వచ్చారు.
చక్కెర: దీనికి నువ్వే చెప్పాలి, అమ్మమ్మా.

నలభై మూడూ పూర్తయ్యేసరికి
పక్కింటి కోడి తప్పు వేళకు కూసింది.
ఇరవై ఆరోది బాగా కుదరలేదు. అలాగే ఉంచాను.

పోస్టాఫీసులో ముసలి థియోఫిల్ కవరు తూచాడు.
"ఏముంది లోపల?"
అర్థాలు, అన్నాను.
"మనకా, వాళ్లకా?"
జవాబు చెప్పలేదు.
స్టాంపు మీది రాణి వీపును నాలుకతో తడిపాను.
జిగురు కాస్త తియ్యగా ఉంది.