అరవై మిల్లీలు

నీరజ డాక్టరమ్మ చిన్న అయస్కాంతం పెట్టి వెతుకుద్ది,
చర్మం కింద ఆ తలుపు ఎక్కడుందో.
దొరికినాక సూది.
అరవై మిల్లీల ఉప్పునీళ్ళు.
"నొప్పేమన్నా ఉందా?" అంటది.
నొప్పి గాదు, బిగువు.
కొత్త నులక అల్లిన మంచం బిగువు.

ఉప్పునీళ్ళని మొదటిసారి ఇన్నప్పుడు నవ్వొచ్చింది.
ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో పుట్టినదాన్ని.
తిరిగి తిరిగి నాలోకే తీశారు కాలవ.

ఈ వయసులో ఇదంతా దేనికని
మా ఆడబిడ్డ సుగుణ అడిగింది.
నేను బదులు చెప్పలా.
ఒక పక్క తట్ట జారిపోయిన కావడి
ఎట్ట నడిపిస్తదో మోసినోళ్ళకి తెలుస్తది.

మా అత్త రవణమ్మ మాత్రం ఏమీ అడగలా.
మొదటి ఆపరేషనైన నెలకి
మామ పాత పంచె చింపి, ఆవాలు పోసి, సంచి కుట్టి
అరచేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చూసి
జాకెట్లో పెట్టుకోమనింది.
నడిస్తే గలగల.
ఏడు నెలలు ఆ చప్పుడుతోనే
సంతపేట మార్కెట్టుకి పొయ్యొచ్చినా.

మూడో నింపుడికీ నాలుగో నింపుడికీ మధ్య
మస్తాను రెండు రోజులు అంగడి మూసినాడు,
వాళ్ళ నాయన పోయినప్పుడు గూడా
అంతకు మించి మూయనోడు.
మైపాడు. ఇంటికాణ్ణించి గంట దూరం లేదు.
అయినా నాలుగు బ్యాగులు, పులుసు క్యారేజీ,
నా మాత్రల డబ్బా.
ఒక్కటీ ముట్టుకోనీలా జోషిత.
కుడిచేత్తో బరువెత్తొద్దని డాక్టరమ్మ ఒకసారి చెప్తే
ఇది పదిసార్లు.
ఎప్పుడు దొంగిలించిందో నా గొంతు.

తొలి అల మోకాళ్ళకి.
రెండోది నడుముకి.
మూడోది చెప్పకుండా వచ్చి రొమ్ముల మీద కొట్టింది.
ఎడమపక్క జిల్లుమనింది.
కుడిపక్క,
పక్కింటి తలుపు ఎవరో తట్టినట్టు.
చప్పుడు ఇనపడింది. లోపల ఎవరూ లేవలా.

చిన్నోడు తడి ఇసకలో గుంట తవ్వి
చెంబుతో సముద్రం తెచ్చి పోస్తా ఉండాడు.
"ఎంత పోసినా ఇంకిపోతా ఉందిమా."
"నిదానంగా పొయ్యి నాయనా, ఒకేసారి గాదు."
అన్నాక నాకే నవ్వు. ఎవరి మాటో అది.

మా నాయన గూడా అంతే.
పెద్ద కయ్యలో నీళ్ళు చిన్న కయ్యకి,
దాంట్లో ఎండినాక ఇంకో దానికి.
తొందరపడితే ఉప్పు గట్టదనేవాడు.
ఒక ఏడు తాటాకులు కప్పకముందే వాన పడి
కుప్పంతా పాలమాదిరి కాలవలో కలిసిపొయ్యింది.
గట్టు మీద నిలబడి చూసినాడు.
మర్నాడు మళ్ళా పార పట్టినాడు.
స్కానుకి పొయ్యే రోజు పొద్దున్నే
నాకు ఆ మబ్బు కనపడతది.
ఆ పార మాత్రం ఒక్కోసారి కనపడదు.

లాడ్జి బాత్రూములో నడుము దాకా అద్దం.
మా ఇంట్లోది మొహం వరకే.
నేనే ఆ ఎత్తులో మేకు కొట్టించినా.
నిలబడి చూసుకున్నా.
మంచి కుట్టే. నేనైతే అంత సన్నంగా వేయలేను.

తువాలు ఇచ్చేదానికి వచ్చి
మస్తాను ఎప్పట్లాగా గోడకల్లా తిరగలా.
చూసినాడు.
"మళ్ళా ఎప్పుడు?"
"సోమవారం."
ఇన్నాళ్ళూ లిఫ్టు పక్కన బెంచీ మీదే కూర్చునేవాడు,
ఎవరిదో పేపరు తిరగేస్తా.
"నేనూ లోపలికి రానా?"
"రా. అయస్కాంతం చూద్దువు."

తిరుగు బస్సులో చిన్నోడు
నా కుడిపక్కకి ఒరిగి నిద్రపోయినాడు.
బరువు తెలియలా.
వాడి తల పైకీ కిందికీ కదలడం చూసి,
జాకెట్టు మీద చొంగ మరక చూసి
ఉండాడని తెలుసుకున్నా.

మణికట్టు మీద సముద్రం ఎండి తెల్లగా పొక్కింది.
నాలిక ఆనించినా.
నాయనైతే రుచి చూసి
ఇంకెన్ని దినాలో చెప్పేసేవాడు.
నాకు ఉప్పగా ఉండాది,
అంతే.