అరవై ఒక్క రోజులు

ఈ జెట్టీలో నేను కొట్టిన మేకు ఒక్కటీ లేదు.
సిమెంటు బస్తా మొయ్యలేదు, ఇనుము వంచలేదు,
మోకాలి లోతు నీళ్లలోకి దిగింది లేదు.
నేను చేసిందల్లా ఫోన్లు.

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
మరబోట్లన్నీ ఫిషింగ్ హార్బర్లో
ఒకదాని నడుముకి ఒకటి ఆనుకుని పడుకునే ఆ కాస్త కాలంలోనే
జెట్టీలో కుంగిన వైపంతా పీకి మళ్లీ నిలబెట్టాలి.
జూన్ పద్నాలుగు అర్ధరాత్రి దాటాక
మేము అక్కడ అడ్డం ఉండకూడదు.

మొదటి రోజే కాగితం మీద నాలుగు గళ్లు గీశాను.
పలుకుబడి ఉన్నవాళ్లు, లేనివాళ్లు,
పట్టించుకునేవాళ్లు, పట్టనివాళ్లు.
పై గడిలో పోర్టు, బ్యాంకు,
డైవర్లకి అనుమతివ్వాల్సిన నేవీ,
బోటు ఓనర్ల సంఘం ప్రెసిడెంటు మైలపల్లి ఎల్లాజీ.
అట్టడుగు గడిలో, పెన్సిల్‌తో,
ఎండుచేపల ఆడవాళ్లు.
పేర్లు రాయలేదు. ఎంతమందో కూడా తెలీదు.

తొమ్మిదో రోజు క్రేన్ ఆగింది.
పైపులు దింపాల్సిన జాగాలో
గనగళ్ల నూకాలమ్మ చాప పరుచుకుని కూర్చుంది.
అరవలేదు, తిట్టలేదు.
అడ్డపొగ నోట్లోంచి తీసి
"పైపులు ఎక్కడైనా తొంగుంటాయి బాబూ,
నా నెత్తళ్లకి ఎండ ఇక్కడే కాస్తాది" అంది.

కాంట్రాక్టరు రుద్రరాజు పోలీసులకి ఫోన్ తీశాడు.
ఆ ఫోన్ మీద చెయ్యి పెట్టాను.
మొత్తం పనిలో నేను ఒళ్లు కదిలించింది అదొక్కసారే.

పైపులకి ఇంకో చోటంటే ఐస్ ఫ్యాక్టరీ వెనక గోడ.
ఫ్యాక్టరీ ఆయనకి ఎల్లాజీతో ఎనిమిదేళ్లుగా మాటల్లేవు.
ఎల్లాజీకి పోర్టు మీద కోపం.
పోర్టు ఇంజినీరు తాజుద్దీన్‌కి నా మీద:
మూడుసార్లు అడిగిన రిపోర్టు నేను పంపలేదు.
ఊరంతా వెతికితే
ముడి మొదలు నా సొరుగులోనే ఉంది.
ఆ రాత్రే కూర్చుని రాశాను.

తెల్లారి ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో టీ.
అందరూ అడిగేది జెట్టీయే అనుకున్నాను ఇన్నాళ్లూ.
తాజుద్దీన్‌కి కావాల్సింది కాగితం.
రుద్రరాజుకి మార్చిలో ఆగిన బిల్లు.
ఎల్లాజీకి తనని ముందు అడిగారన్న మాట.
నూకాలమ్మకి పది గజాల ఎండ.
బ్యాంకు ఆవిడకి మాత్రం ఇవ్వడానికేం లేదు,
రెండు రోజులు పోయాయని ఎదురుగా కూర్చుని చెప్పాను.
ఆవిడ చాలాసేపు కిటికీలోంచి యారాడ కొండ చూసింది.
సరే, అంది. ఎందుకందో ఇప్పటికీ తెలీదు.

యాభై రెండో రోజు సముద్రం మా చార్టు చదవలేదు.
రాత్రికి రాత్రి చెక్కలన్నీ ఊడదీసింది.
ఎల్లాజీ కలాసీలు నలభై మంది, పిలవకుండానే,
తాళ్లు పట్టుకుని వచ్చారు.
ఐస్ ఫ్యాక్టరీ లైట్లు తెల్లారేదాకా వెలిగాయి.
ఆ నలభై మంది నా గళ్లలో ఎక్కడా లేరు.

పద్నాలుగో తారీఖు రాత్రి పదకొండున్నర.
చివరి గుంజకి తవుడు పసుపు రంగేస్తున్నాడు.
ఆరడానికి ఆరు గంటలు కావాలన్నాడు.
లేవు, అన్నాను.

పన్నెండు దాటగానే ఇంజన్లు దగ్గాయి.
మొదటి బోటు తాడు విప్పుకుని
లైట్‌హౌస్ వెలుగు కిందుగా పోయింది.
తాడుకి జానెడు మేర పసుపు.

నా ఫోన్ మోగలేదు.
సిగ్నల్ ఉందో లేదోనని ఒకసారి చూసుకున్నాను.
ఉంది.